కొండవాలు పొలంలో టోటల్ స్టేషన్‌తో దూరం కొలవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు వాలు పొలాలు ఎక్కువ. అలాంటి చోట గొలుసు, టేపు సరిగ్గా సాగవు. కాంతితో దూరాన్నీ, దానితోపాటు కోణాన్నీ కొలిచే సర్వే మిషన్ టోటల్ స్టేషన్ అయితే ఆ బాధ లేదు. అమీన్ (సర్వేయరు) కొలుస్తుంటే పక్కన నిలబడే రైతుకు కూడా ఈ పద్ధతి తెలిసి ఉండాలి.

ముందు ట్రైపాడ్ (మిషన్ నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు) రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి మిట్ట వైపు పెట్టి గట్టిగా తొక్కండి. మిషన్‌ను సరిహద్దు రాయి గుర్తుకు సరిగ్గా పైకి తెచ్చి, బుడగ చూసి లెవెల్ చేయండి. ఆ తర్వాత గుర్తు మీదే ఉందో లేదో మళ్లీ చూడండి, తరచుగా కాస్త జరిగిపోతుంది.

అవతలి రాయి మీద ప్రిజం (కాంతిని వెనక్కి తిప్పే గాజు) బిగించిన కర్ర నిలబెట్టించండి. ప్రిజం 1.5 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు కర్ర మీ వైపు ఒక్క డిగ్రీ వాలినా కొలత 2.6 సెంటీమీటర్లు తగ్గుతుంది. పట్టుకున్న మనిషి కర్రకున్న బుడగ మీదే కన్ను ఉంచాలి.

ఇప్పుడు సెట్టింగులు. అసలు జాగ్రత్త ఇక్కడే. మిషన్ పంపిన కాంతి ప్రిజం తగిలి తిరిగొస్తుంది; వెళ్లిన తరంగానికీ వచ్చిన తరంగానికీ మధ్య ఫేజ్ (అల దశ) తేడాను బట్టి చాలా మిషన్లు దూరం లెక్కగడతాయి. గాజులో కాంతి నెమ్మదిస్తుంది కాబట్టి ప్రతి ప్రిజానికీ ఒక కాన్‌స్టెంట్ (కొలతలో చేయాల్సిన స్థిరమైన సవరణ) ఉంటుంది: కొన్నింటికి 0, కొన్నింటికి మైనస్ 30 మిల్లీమీటర్లు. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కిస్తే ఆ రోజు కొలిచిన ప్రతి దూరమూ 3 సెంటీమీటర్లు తప్పే. అందుకే పని మొదలుపెట్టే ముందు చదును నేల మీద 20 మీటర్లు స్టీలు టేపుతో కొలిచి, మిషన్‌తో సరిపోల్చండి. ఈ పది నిమిషాలు దయచేసి మానకండి.

ఉష్ణోగ్రత, గాలి పీడనం కూడా ఎక్కించాలి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ సముద్రమట్టపు పీడనమే ఉంచేస్తే కిలోమీటరుకు దాదాపు 3 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. చిన్న పొలానికి ఇది పెద్ద లెక్క కాదు.

ప్రిజం మధ్యకు గురిపెట్టి మెజర్ బటన్ నొక్కండి. తెరపై వాలు దూరం, సమతల దూరం రెండూ కనిపిస్తాయి. రాసుకోవలసింది సమతల దూరం, అంటే వాలు లెక్క తీసేసిన అడ్డ దూరం. 10 డిగ్రీల వాలులో వాలు దూరం 120 మీటర్లు చూపిస్తే సమతలంలో అది 118.18 మీటర్లే. పొలం వెడల్పు 50 మీటర్లయితే, ఆ తేడా ఒక్కటే రెండు డిసిమిల్‌లు, అంటే మన రెండు సెంట్లు దాటుతుంది. అన్నదమ్ముల మధ్య గొడవకు అంత చాలు.

చివరగా మిషన్‌ను అవతలి రాయి మీద పెట్టి ఇటు కొలవండి. రెండు కొలతలూ కొన్ని మిల్లీమీటర్ల తేడాలోనే కలవాలి. గట్టు తగాదా ఉంటే మాత్రం సొంత కొలతతో ఆగకుండా తహసీల్ ఆఫీసులో హద్దుల కొలతకు దరఖాస్తు పెట్టండి.