ఆస్ట్రేలియా వైన్లు: దాచే పద్ధతి, నలుగురూ కలిసి రుచి చూసే పద్ధతి

ఆస్ట్రేలియా దుకాణాల్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం కొన్న ఏడాది రెండేళ్లలోనే తాగేయడానికి తయారైనవి. వాటిని పదేళ్లు దాచితే మెరుగుపడవు సరికదా, చప్పబడతాయి. అందువల్ల దాచే పనిలో మొదటి మెట్టు ఎంపిక. న్యూ సౌత్ వేల్స్‌లోని హంటర్ లోయ సెమిలాన్, దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్, ఈడెన్ లోయల రీస్లింగ్, అదే రాష్ట్రానికి చెందిన బరోసా షిరాజ్, కూనవారా కబర్నే, పశ్చిమ తీరాన మార్గరెట్ రివర్ కబర్నే: కొత్తగా మొదలుపెట్టేవారు ఈ అయిదింటిని దాటి వెళ్లనక్కరలేదు. వీటిలో సెమిలాన్, రీస్లింగ్ తెల్ల వైన్‌నిచ్చే ద్రాక్ష రకాలు, షిరాజ్, కబర్నే ఎర్ర వైన్‌నిచ్చేవి; వైన్లనూ ఆ పేర్లతోనే పిలుస్తారు.

ఆసక్తి ఉన్న ఆరుగురు కలిసి ఒకే వైన్‌ను, ఒకే పంట ఏడాదిది, డజను సీసాల పెట్టెగా కొనడం మంచిది. పన్నెండు రకాల సీసాలు ఒక్కొక్కటి కొని దాచినవారికి చివరికి పన్నెండు జ్ఞాపకాలు మిగులుతాయి గాని, కాలం వైన్‌ను ఎలా మారుస్తుందో తెలియదు. మొదటి సీసాను కొన్న వెంటనే తెరిచి అందరూ రుచి రాసుకోవాలి. ఆ తరువాత రెండు మూడేళ్లకొకటి చొప్పున తెరుస్తూ, ప్రతిసారీ పాత రాతలను పక్కన పెట్టుకుని చూడాలి.

ఈ ప్రయోగానికి నా ఓటు హంటర్ సెమిలాన్‌కే. అక్కడ కోతల కాలంలో వానల భయం ఉంటుంది కాబట్టి ద్రాక్షను తొందరగా, తీపి బాగా పెరగకముందే కోస్తారు. ఆల్కహాల్ 11 శాతం దగ్గరే ఆగిపోతుంది, పులుపు మాత్రం పదునుగా నిలుస్తుంది. సంప్రదాయంగా దీన్ని ఓక్ చెక్క పీపాల్లో ఉంచరు. కొత్తలో గ్లాసులో పోస్తే దాదాపు నీళ్ల రంగులో ఉండి, నిమ్మతొక్క వాసనతో, పళ్లు పులిసేంత పుల్లగా ఉంటుంది. ఇందులో ఏముందని పెదవి విరిచేవారే ఎక్కువ. ఎనిమిది, పదేళ్లు గడిచేసరికి అదే వైన్ బంగారు రంగుకు తిరిగి, పెనం మీద వెన్నతో కాల్చిన రొట్టె, తేనె వాసనలు ఇస్తుంది. మామూలుగా పీపా చెక్క నుంచి వచ్చే ఆ కాల్పు వాసన, పీపా ముఖమే చూడని ఈ వైన్‌కు సీసాలోనే పుడుతుంది. పైగా మంచి సెమిలాన్ ధర పేరున్న ఎర్ర వైన్ల ధరతో పోలిస్తే చాలా తక్కువ.

రీస్లింగ్ పాతబడితే కిరోసిన్‌ను గుర్తుచేసే వాసన రావచ్చు. అది పాడైన గుర్తు కాదు. ఎండ బాగా సోకిన ద్రాక్ష తొక్కల్లోని పదార్థాలు కాలక్రమంలో విడిపోయి ఆ వాసననిస్తాయి. కొందరికి అది ఇష్టం, కొందరు భరించలేరు. క్లేర్ లోయ ఉత్పత్తిదారులు పలువురు 2000వ సంవత్సరపు రీస్లింగ్‌ను కార్కుకు బదులు మరమూతతో విడుదల చేశారు. తరువాత దేశమంతా ఆ దారి పట్టింది. మనలాంటివారికి దీనివల్ల పెద్ద మేలు జరిగింది. కార్కు నుంచి వచ్చే తడిసిన అట్టపెట్టె వాసన బెడద తగ్గింది, పెట్టెలోని పన్నెండు సీసాలూ ఇంచుమించు ఒకే తీరున ముదురుతున్నాయి. మరమూత సీసాలను నిలబెట్టినా ఫరవాలేదు. కార్కు ఉన్నవాటిని మాత్రం అది ఎండిపోకుండా పడుకోబెట్టాలి.

నిల్వకు 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు కావాలి. స్థిరంగా 17 డిగ్రీలు ఉండే అలమర, పగలు 25కు ఎక్కి రాత్రి 12కు దిగే గదికన్నా మేలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే అడిలైడ్, మెల్‌బోర్న్ ఇళ్లలో కారు షెడ్డు, ఫ్రిజ్ పైభాగం అన్నిటికన్నా చెడ్డ చోట్లు. మనకు అలవాటైన దిక్కుల లెక్క అక్కడ తిరగబడుతుందని తెలుగు ఇళ్లవారు గుర్తుంచుకోవాలి: ఎండ ఉత్తరపు గోడను కాలుస్తుంది, దక్షిణం వైపు గది చల్లగా ఉంటుంది. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరును ఒక వేసవి అంతా అక్కడ ఉంచి చూశాకే పెట్టెలు చేర్చాలి. ఇంట్లో అలాంటి చోటు లేకపోతే వైన్ ఫ్రిజ్ కొనడమో, అద్దె గిడ్డంగిలో ఉంచడమో తప్పదు.

రుచి చూసే రోజున ఆరు వైన్లకు మించి పెట్టకూడదు. 750 మి.లీ. సీసా ఒక్కొక్కరికి 60 మి.లీ. చొప్పున పన్నెండు మందికి సరిపోతుంది. ఆరూ మింగితే సగం సీసా దగ్గరకు వస్తుంది. ఆ దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05 శాతమే. కాబట్టి ఉమ్మడానికి పాత్ర పెట్టాలి, దాన్ని అందరికన్నా ముందు ఆతిథ్యమిచ్చేవారే వాడి మొహమాటం తీర్చాలి. గదిలో అగరుబత్తి, మల్లెపూలు, అత్తరు ఉండకూడదు. పచ్చళ్లు, వేపుళ్లు రుచి చూడటం ముగిశాకే. కారం తిన్న నాలుకకు ఆల్కహాల్ మంటగా తోస్తుంది.

సీసాలను కాగితపు సంచుల్లో చుట్టి అంకెలు వేయాలి. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాసుకోవాలి, లేకపోతే గట్టిగా మాట్లాడేవారి నాలుకే అందరి నాలుకా అవుతుంది. ఆస్ట్రేలియా పోటీల్లో చాలాకాలం వాడిన 20 మార్కుల పద్ధతి ఇందుకు చాలు: రంగుకు 3, వాసనకు 7, రుచికి 10. తినని పండ్ల పేర్లు అరువు తెచ్చుకోకుండా తెలిసిన వాసనలే రాయాలి. కూనవారా కబర్నేలో నీలగిరి తైలం తగిలితే అలాగే రాయవచ్చు. తోటల పక్కనున్న యూకలిప్టస్ చెట్ల తైలమే గాలిలో వచ్చి ద్రాక్షపై చేరుతుంది.

పదిహేనేళ్లు దాటిన ఎర్ర వైన్‌లో మడ్డి ఉంటుంది. ముందురోజే సీసాను నిలబెట్టి, మెడ వెనుక దీపం ఉంచి, మడ్డి మెడకు చేరగానే ఆపేలా మెల్లగా వేరే పాత్రలోకి వంచాలి. మరీ పాతదైతే గంటల ముందు వంచకూడదు, ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది.

ఎప్పుడు తెరవాలన్నదే అసలు చిక్కు. పెన్‌ఫోల్డ్స్ అనే వైన్ కంపెనీలో తయారీదారు మాక్స్ షూబర్ట్ 1951లో గ్రాంజ్ అనే ఎర్ర వైన్ తయారీ మొదలుపెట్టినప్పుడు, ఇంకా లేతగా ఉన్న వైన్ రుచి చూసినవారు ఈసడించారు. యాజమాన్యం 1957లో దాన్ని ఆపమంది. ఆయన రహస్యంగా చేస్తూ పోయాడు. పాత సీసాలు ముదిరి రుచి తేలాక 1960లో మళ్లీ అనుమతి వచ్చింది. కనుక మొదటి రెండు సీసాలు నిరాశపరిచినంత మాత్రాన పెట్టెను పంచేసుకోకూడదు. అలాగని అతిగా కాపలా కాయడమూ తప్పే. వరుసగా రెండుసార్లు తెరిచినప్పుడు పండు రుచి తగ్గుతూ, బదులుగా కొత్తదేమీ చేరకపోతే, మిగిలిన సీసాలను ఆ ఏడాదిలోనే తాగేయాలి.