హైదరాబాద్‌లో షాపు కిరాయికి చూస్తున్నారా? ఎక్కడ తేడా కొడుతుందో చూసుకోండి

సమస్య: ఒక మడిగె కిరాయి నెలకి చదరపు అడుగుకి 80 రూపాయలు అన్నారు, పక్క సందులో ఇంకోటి 110 అన్నారు. 80దే చవక అనుకుని లోపలికెళ్తే రెండు ర్యాకులు పెట్టగానే నిండిపోయేలా ఉంది.

కారణం: 80 చెప్పినాయన సూపర్ బిల్టప్ మీద చెప్తున్నాడు, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో వాటా కూడా మీ లెక్కలోనే. 110 ఆయనది కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మీరు వాడుకునే జాగా మాత్రమే.

పరిష్కారం: టేపు పట్టుకెళ్లి గోడ నుంచి గోడకి మీరే కొలవండి, బ్రోకర్ చెప్పిన సైజు రాసుకోవద్దు. 500 అడుగులు, 80 చొప్పున 40 వేలు, మెయింటెనెన్స్ ఇంకో 4 వేలు, తీరా కొలిస్తే లోపల 350 అడుగులే వచ్చింది అనుకోండి, అడుగు 126 దాకా పడినట్టు! 110 దానికి మెయింటెనెన్స్ లేకపోతే అదే నయం. ప్రతి షాపుకీ ఇలా నెలకి చేతి నుంచి పోయే మొత్తాన్ని లోపలి అడుగులతో భాగించి పక్కపక్కన రాసుకోండి, ఓనర్‌కి జీఎస్టీ ఉంటే కిరాయి మీద 18 శాతం వేస్తాడు, అది వేరే కాలమ్‌లో పెట్టండి ఎందుకంటే మీకు రెగ్యులర్ జీఎస్టీ ఉంటే మామూలుగా క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో అది తగ్గుతుంది, లేకపోతే అది కూడా ఖర్చే. షట్టర్ వెడల్పు కూడా కొలవండి, నా దృష్టిలో 350 అడుగుల్లో 15 అడుగుల షట్టర్ ఉన్నదానికి, 8 అడుగులున్నదానికి పోలికే లేదు.

సమస్య: అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట రోడ్డంతా జనమే, ఈ షాపు ముందు మాత్రం ఎవరూ ఆగట్లేదు.

కారణం: చాలాసార్లు డివైడరే. యూటర్న్ దూరంగా ఉంటే అవతలి వైపు జనం మీకు లేనట్టే. మెట్రో పిల్లర్ బోర్డుకి అడ్డమొస్తుంది, బండి పెట్టుకోను జాగా ఉండదు.

పరిష్కారం: మామూలు రోజు సాయంత్రం ఒకసారి, ఆదివారం ఒకసారి అక్కడే గంటసేపు నిలబడండి, పక్క షాపుల్లోంచి కవర్లతో బయటికొచ్చేవాళ్లని లెక్కపెట్టండి. పక్కన టీ కొట్టాయన్ని "అన్నా, ఇంతకుముందు ఇక్కడ ఎవరుండే, ఎందుకు ఖాళీ చేసిండ్రు" అని అడగండి, బ్రోకర్ చెప్పనివన్నీ అక్కడే తెలుస్తాయి.

సమస్య: ఫ్రీజర్, ఏసీ కలిపి వేస్తే ట్రిప్ అవుతోంది.

కారణం, పరిష్కారం: చాలాసార్లు శాంక్షన్డ్ లోడ్, అంటే ఆ మీటర్‌కి కరెంటోళ్లు ఒప్పుకున్న లోడ్, తక్కువ ఉంటుంది. పాత కరెంటు బిల్లు అడిగి లోడ్ చూడండి, కేటగిరీ కూడా ఇంటిది కాకుండా ఎల్‌టీ-2, అంటే కమర్షియల్ ఉండాలి. లోడ్ పెంచే ఖర్చు ఎవరిదో అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోండి.

సమస్య: ఇంటీరియర్‌కి లక్షలు పెట్టాక ఓనర్ కిరాయి పెంచు లేదా ఖాళీ చెయ్ అంటున్నాడు.

కారణం: 11 నెలల అగ్రిమెంట్. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకులే అని చాలామంది ఇలా రాసుకుంటారు.

పరిష్కారం: డబ్బు పెట్టే షాపైతే మూడు నుంచి ఐదేళ్లకి రిజిస్టర్ చేయించుకోండి, ఏటా ఎంత శాతం పెంచాలో, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో అందులోనే రాయించండి. సంతకానికి ముందు బిల్డింగ్‌కి మున్సిపాలిటీ ఇచ్చిన అప్రూవ్డ్ ప్లాన్ తప్పకుండా అడగండి, సెల్లార్ పార్కింగ్ అని ఉన్నచోట షాపు పెడితే ఎప్పుడైనా సీల్ పడొచ్చు.