డెన్మార్క్ సినిమా చూడటం ఎలా? నాలుగో పాఠం: కారు తాళాలు

పోయిన పాఠం బెడిసికొట్టింది. కొంత తప్పు నాదే. 'ఫెస్టెన్' (1998) విందు దృశ్యం చూసి, టెన్షన్ ఎక్కడ పుడుతోందో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ముప్పాతిక వంతు కెమెరా గురించే. ఒకాయనైతే అది ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి మరీ పంపారు. ఆ ఓపికకు దండం. కానీ అదే కెమెరాను స్టాండుకు బిగించి తీసినా ఆ దృశ్యం మనల్ని వదలదు. అందుకని ఈ వారం మొదలుపెడదామనుకున్న నల్ల హాస్యాన్ని పక్కనపెట్టి, మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్దాం.

తండ్రికి అరవై ఏళ్లు నిండిన వేడుక. పెద్దకొడుకు క్రిస్టియన్ లేచి రెండు కాగితాలు చూపిస్తాడు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. ఏ ప్రసంగం చదవాలో నువ్వే చెప్పమని తండ్రిని అడుగుతాడు. ఆయన ఆకుపచ్చది అంటాడు. చిన్నప్పుడు తననూ తన కవల సోదరినీ తండ్రి ఏం చేశాడో కొడుకు మామూలు గొంతుతో, సభామర్యాద ఎక్కడా తప్పకుండా చెప్పేస్తాడు. ఆ సోదరి ఈమధ్యే చనిపోయింది. ఇంత విన్నాక కూడా విందు ఆగదు! అసలు భయం అక్కడుంది. లేచి వెళ్లిపోవడం మర్యాద కాదు, అడగడం అంతకన్నా మర్యాద కాదు.

మీలో ఒక్కరూ రాయనిది ఇంకొకటుంది. వంటవాడు కిమ్ పనివాళ్ల చేత అతిథుల గదుల్లోంచి కారు తాళాలు తీయించి దాచేస్తాడు. ఇక ఎవరూ కదలలేరు. నేను ఏ దృశ్యం చూసినా ముందు అడుగుకునే ప్రశ్న ఇదే: తాళాలు ఎవరి దగ్గరున్నాయి? వీళ్లు ఎందుకు లేచి వెళ్లిపోవడం లేదు? దీన్ని మించిన అడ్డదారి నాకింకా దొరకలేదు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతి. డెన్మార్క్ సినిమా అనగానే 'డోగ్మె', అంటే హంగులు లేకుండా కట్టుబాట్లు పెట్టుకుని సినిమా తీసే ఉద్యమం, అని రాసేయడం. పోయినసారి 'ద హంట్' (2012)ను కూడా అందులో కలిపేశారు. దర్శకుడు డోగ్మె పద్ధతిలో 'ఫెస్టెన్' తీసిన థామస్ వింటర్‌బర్గే కాబట్టి పొరపాటు పడ్డారనుకుందాం. మరో డేనిష్ దర్శకుడు లార్స్ వాన్ ట్రయర్, ఆయన కలిసి 1995లో డోగ్మె ప్రకటనలో పెట్టినవి పది నియమాలు. 'ద హంట్'ను వాటి పక్కన పెట్టి చూడండి. ఆయుధాలు ఉండకూడదు: ఇందులో కొడుకు చేతికి తుపాకి ఇవ్వడమే ఒక వేడుక. తెర పాతకాలపు చదరానికి దగ్గరగా ఉండాలి: ఇది అడ్డంగా పరుచుకున్న వెడల్పు తెర. దర్శకుడి పేరు వేయకూడదు: వేశారు. క్రిస్మస్ ముందురోజు చర్చిలో మాడ్స్ మికెల్సెన్ దెబ్బలు తిన్న ముఖంతో వెనక్కి తిరిగి పాత స్నేహితుడి వైపు చూస్తాడే, ఆ వెలుగును ఎంత శ్రద్ధగా పేర్చారో గమనించండి. ఇంకా అనుమానముంటే 'ద గర్ల్ విత్ ద నీడిల్' (2024) చూడండి. అది నలుపు తెలుపు, మొదటి ప్రపంచయుద్ధ కాలపు కోపెన్‌హాగన్ కథ. డోగ్మె రంగుల్లోనే తీయాలంటుంది, కథ ఇప్పుడు, ఇక్కడే జరగాలంటుంది. రెండు చోట్లా తప్పింది. చేత్తో పట్టుకున్న కెమెరా ఆ పదింటిలో ఒక్కటి మాత్రమే. దయచేసి ఇంకోసారి రాయకండి.

మనుషుల్ని కూడా ఇలా ఒకే గాటన కట్టలేం. రచయిత ఆండర్స్ థామస్ జెన్సెన్ సంగతి తీసుకోండి. సుసానె బియర్ తీసిన డోగ్మె సినిమా 'ఓపెన్ హార్ట్స్' (2002)కు కథనం రాసింది ఈయనే. నియో నాజీ ఒకడు ఆపిల్ కేకు చేయడమే జీవిత లక్ష్యమని పాస్టర్ ముందు ఒప్పుకునే 'ఆడమ్స్ ఆపిల్స్' (2005) రాసి తీసిందీ ఈయనే. ఆ కేకు గురించి వచ్చే పాఠంలో చెబుతాను.

'ద గిల్టీ' (2018) గురించి ఎక్కువ చెప్పను, చెబితే పాడవుతుంది. దర్శకుడు గుస్తావ్ మోలర్. అత్యవసర ఫోన్లు ఎత్తే ఆఫీసులో ఒక పోలీసు, అవతల ఒక ఆడమనిషి గొంతు. పక్కనున్నవాడికి అనుమానం రాకుండా ఆమె తన పాపతో మాట్లాడుతున్నట్టు నటిస్తుంటే, ఇతను అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలే అడుగుతాడు. 85 నిమిషాలు ఆ ఆఫీసు దాటం. చూడాల్సింది డేనిష్‌దే, 2021లో వచ్చిన అమెరికా రీమేక్ కాదు. డబ్బింగ్ కూడా వద్దు. నాకు పడదు, అంతే.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. టీవీ మీద పాత దినపత్రిక అంటించి, సబ్‌టైటిళ్ల కోసం అడుగున నాలుగు వేళ్ల మందం మాత్రం వదలండి. 'ద గిల్టీ' మొదటి ఇరవై నిమిషాలు అలా వినండి. ప్రతి ఫోనుకూ రెండు గడులు: పైకి ఏమన్నారు, ఏం అనలేకపోయారు. తర్వాత మీ ఇంటి శుభకార్యంలో ఒక బంతి భోజనం దృశ్యం రెండు పేజీల్లో రాయండి. ఒకరు అనకూడని మాట అనేయాలి. ఎవరూ అరవకూడదు, ఎవరూ విస్తరి ముందునుంచి లేవకూడదు, వడ్డన ఆగకూడదు. కెమెరా అనే మాట కనబడితే చదవను.