విశాఖలో ఇంటి నిర్మాణ అంచనా వాస్తవ ఖర్చుకు దగ్గరగా రావాలంటే

చదరపు అడుగుకు ఇంత అని ఒక ధర అనుకొని, దానిని స్లాబు విస్తీర్ణంతో గుణించి చెప్పే లెక్క తొలి సంభాషణకు సరిపోతుంది గానీ, దానిని నమ్మి బ్యాంకు రుణానికి వెళ్ళకూడదు. ఒకే ప్లానును చదునైన స్థలంలోనూ, మధురవాడ వైపు కొండవాలులోనూ కట్టినప్పుడు గోడలకు, స్లాబుకు అయ్యే ఖర్చు దాదాపు ఒకటే కావచ్చు. పునాదికి అయ్యేది మాత్రం ఒకటి కాదు. అందువల్ల అంచనా వేయడం స్థలంలో గొయ్యి తవ్వించడంతో మొదలుకావాలి.

వాలు స్థలమైతే పై అంచున ఒకటి, కింది అంచున ఒకటి తప్పనిసరిగా గోతులు తీయించి, మామూలు మట్టి, గట్టి మట్టి, మెత్తరాయి, గట్టిరాయి ఎంతెంత లోతులో తగులుతున్నాయో వేర్వేరు పద్దులుగా రాయాలి. నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో అలాంటి ఒక స్థలానికి తవ్వకమంతా మామూలు మట్టి కింద లెక్కగట్టాను. నడుము లోతులోనే రాయి తగిలింది. గంటల లెక్కన రాయి పగలగొట్టే బ్రేకరు పెట్టవలసి వచ్చింది, నేను లెక్కలోకే తీసుకోని రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా ఆపే గోడ) అవసరమైంది, చివరికి ఆ కుటుంబం పై అంతస్తును ఆపుకొంది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. గొయ్యి చూడకుండా పునాదికి అంకె వేయడం ఆనాటితో మానేశాను.

పరిమాణాలను, ధరలను వేర్వేరు పట్టికలలో ఉంచాలి; తేడా వచ్చినప్పుడు కొలత తప్పిందా, ధర పెరిగిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కొలతలకు ఐ.ఎస్. 1200 (నిర్మాణ పనులను కొలిచే భారతీయ ప్రమాణం) పద్ధతిని పాటించడం మంచిది. ఉదాహరణకు, ప్లాస్టరింగులో 0.5 చదరపు మీటరు వరకు ఉన్న తలుపు, కిటికీల వంటి ఖాళీలకు తగ్గింపు ఉండదు; అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల వరకు గోడకు ఒక ముఖానికే తగ్గిస్తారు. ఈ నియమం మేస్త్రీకి, యజమానికి ముందే తెలిస్తే బిల్లు దగ్గర తగవు రాదు. స్టీలును కాంక్రీటులో ఇంత శాతమని ఊహించకుండా, స్ట్రక్చరల్ డ్రాయింగుల నుంచి బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎన్ని, ఎలా వంచాలి అన్న పట్టిక) తయారుచేయాలి. మిల్లీమీటర్లలో ఉన్న కడ్డీ వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది, 12 మి.మీ. కడ్డీకి అది సుమారు 0.89 కిలో. అతుకుల పొడవు, కొక్కేలు, తరుగు దీనికి కలపాలి.

మన ఊరికి ప్రత్యేకమైనది ఉప్పుగాలి. తీరప్రాంత వాతావరణానికి నేరుగా గురయ్యే ఆర్.సి.సి.ని (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటును) కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456:2000 తీవ్ర పరిస్థితిగా పరిగణించి, కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగితే బలం ఎక్కువ), కడ్డీలపై 45 మి.మీ. కవరు, అంటే కాంక్రీటు పొర, ఉండాలంటుంది. రుషికొండ తీరాన కట్టే ఇంటికి ఎం20 ధర వేసిన అంచనా మొదటి రోజే తప్పు.

ఇసుక విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమైనా, లోడింగు, రవాణా ఖర్చులు కొనేవారివే. కాబట్టి రీచ్ (ఇసుక తవ్వే చోటు) నుంచి సైటుకు ఉన్న దూరమే ధరను నిర్ణయిస్తుంది. పైగా తడి ఇసుక పొంగుతుంది. నిలువు గోడలున్న గాజు పాత్రలో తడి ఇసుకను 20 సెం.మీ. ఎత్తున పోసి, నీళ్ళు నింపి బాగా కలిపితే అది 16 సెం.మీ.కు దిగిందనుకుందాం: తగ్గిన 4 సెం.మీ.ను 16తో భాగిస్తే పొంగు 25 శాతం. యూనిట్ల లెక్కన, అంటే ఘనపరిమాణాన్ని బట్టి, కొంటున్నప్పుడు ఆ మేరకు ఎక్కువ యూనిట్లు రాసుకోవాలి.

ధరలను కనీసం ముగ్గురి దగ్గర, ఒకే వారంలో, రాతపూర్వకంగా తీసుకొని, తేదీ, జి.ఎస్.టి. కలిసిందా లేదా అన్నవి పక్కనే నమోదు చేయాలి. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తేదీ లేని పాత కొటేషను ఇలాంటి చోటే మోసం చేస్తుంది.

స్లాబు పని అక్టోబరు, నవంబరులలో పడితే తుపాను రోజులను లెక్కించాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఈ తీరాన్నే తాకింది. పని ఆగినా సెంట్రింగ్ సామాను (స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే పలకలు, ఆసరాలు) అద్దె ఆగదు. ఇటువంటి సొమ్మును ధరలలో దాచకుండా, ఏ కారణానికి ఎంత అని ప్రత్యేక పద్దుగా చూపించాలి.

చివరగా, ప్రతి పద్దు ఎదుట రెండు ఖాళీ గడులు ఉంచి, పని పూర్తయిన వారంలోనే అసలు పరిమాణం, అసలు ఖర్చు అందులో నింపండి. స్లాబుకు వేసుకొన్న సిమెంటు బస్తాలెన్ని, నిజంగా వాడినవెన్ని అన్న తేడా తదుపరి ఇంటి అంచనాలో మీరు కలిపే తరుగు శాతం అవుతుంది.