పలెర్మోలో పోలో మ్యాచ్ చూడటం ఎలా: బంతి ఒక్కటే కాదు, గుర్రాన్నీ చూడండి

పోలో మొదటిసారి చూసేవాళ్ళు బంతి వెంటే కళ్ళు పరిగెత్తిస్తారు. పది నిమిషాలకే అలసిపోయి, ఏం జరుగుతోందో తెలియక పక్కవాళ్ళని అడుగుతారు. అర్జెంటీనా ఓపెన్ లాంటి పెద్ద పోటీ చూడాలంటే పద్ధతి మార్చాలి. 1893లో మొదలైన ఈ పోటీ 1928 నుంచి బ్యూనస్ ఎయిర్స్ నగరంలోని పలెర్మో మైదానంలో జరుగుతోంది. ఇది సాధారణంగా నవంబర్, డిసెంబర్ నెలల్లో ఉంటుంది. తోర్తూగాస్, హర్లింగ్‌హమ్ ఓపెన్లతో కలిపి దీన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు.

ముందు కూర్చునే చోటు సంగతి. మైదానం పొడవు సుమారు 274 మీటర్లు, పక్కల చెక్కలు కట్టినప్పుడు వెడల్పు 146 మీటర్లు. గోల్ వెనక సీటు తీసుకుంటే అవతలి సగంలో ఆట చీమల బారులా కనిపిస్తుంది. మధ్య గీతకు దగ్గర్లో, కాస్త పై వరుసలో కూర్చోండి. గోల్ స్తంభాల మధ్య దూరం 7.3 మీటర్లే. గోల్ పడిన ప్రతిసారీ జట్లు వైపులు మార్చుకుంటాయి కాబట్టి ఎవరు ఎటు కొట్టాలో గోల్ గోల్‌కీ గుర్తుపెట్టుకోవాలి. కొత్తవాళ్ళు తప్పు జట్టుకు చప్పట్లు కొట్టేది ఇక్కడే.

ఇక అసలు విద్య, బంతి గీతను చదవడం. ఎవరైనా బంతిని కొట్టగానే అది వెళ్ళే దారి వెంట నేల మీద గీత ఉన్నట్టు ఊహించుకోండి. బంతిని తన కుడివైపు ఉంచుకుని ఆ గీత వెంట వెళ్ళే ఆటగాడికి దారి హక్కు ఉంటుంది. అతని ముందు నుంచి అడ్డంగా దూరడం ఫౌల్. అడ్డుకోవాలంటే పక్కగా వచ్చి గుర్రం భుజాన్ని గుర్రం భుజానికి ఆనించి గీత మీద నుంచి నెట్టేయాలి. కలిసే కోణం తక్కువగా, వేగం సమానంగా ఉండాలి. అడ్డంగా వచ్చి గుద్దితే గుర్రం పడిపోతుంది, ఫౌల్ కూడా అవుతుంది. ఎదుటివాడు కొట్టబోతుంటే అతని కర్రకు తన కర్రను తగిలించి ఆపొచ్చు, కానీ బంతి ఉన్న వైపు నుంచే. ఈల వినబడితే బంతిని వదిలి, ఒక్క క్షణం వెనక ఎవరు గీత దాటారో గుర్తుచేసుకోండి. రెండు చుక్కెర్లు, అంటే ఆటలో రెండు విడతలు, ఇలా చూస్తే అంపైర్ చేయి ఎత్తకముందే ఫౌల్ పట్టేస్తారు. ఫౌల్ తీవ్రతను బట్టి 30, 40, 60 గజాల నుంచి ఉచిత దెబ్బ ఇస్తారు.

జట్టుకు నలుగురు. ఒకటో నంబర్ గోల్ కొట్టడానికి ముందుంటాడు, నాలుగో నంబర్ వెనక కాపు కాస్తాడు. మూడో నంబర్ మీద ప్రత్యేకంగా కన్నేయండి, ఆటను నడిపేది ఎక్కువగా అతనే. హ్యాండిక్యాప్ అంటే కొట్టిన గోల్స్ లెక్క కాదు, ఆటగాడి స్థాయి. గరిష్ఠం 10. చిన్న పోటీల్లో రెండు జట్ల మొత్తాల తేడాను చుక్కెర్ల సంఖ్యతో గుణించి 6తో భాగించి, బలహీన జట్టుకు అన్ని గోల్స్ ముందే ఇస్తారు. తేడా 6 అయి, మ్యాచ్ 4 చుక్కెర్లయితే 4 గోల్స్. ఓపెన్‌లో ఇలాంటి వెసులుబాటు ఉండదు.

ఇప్పుడు గుర్రం దగ్గరికి వద్దాం. అర్జెంటీనా పోలో చరిత్రంతా ఇందులోనే ఉంది. మణిపూర్ ఆట 1859లో సిల్చర్‌లో తేయాకు తోటల దొరల చేతికొచ్చింది, తర్వాత ఇంగ్లండ్ చేరింది. 1875లో డేవిడ్ షెన్నన్ అనే బ్రిటిష్ వ్యక్తి బ్యూనస్ ఎయిర్స్ ప్రాంతంలోని నెగ్రెతే పశువుల ఎస్టేట్‌లో అర్జెంటీనాలో మొదటి మ్యాచ్ ఆడించాడు. ఆట అక్కడ వేరూనడానికి కారణం దొరలు కాదు. పంపాలనే అక్కడి విశాల మైదానాల్లో చదునైన పచ్చిక, లెక్కలేనన్ని గుర్రాలు, పసితనం నుంచీ జీను మీదే పెరిగిన మనుషులు. పశువులను మలిపే క్రియోయో అనే స్థానిక జాతి ఆడ గుర్రాన్ని థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రంతో దాటించి, చురుకుదనానికి వేగం కలిపారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో పోలో జట్టే దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది. 1936 బెర్లిన్‌లోనూ వాళ్ళే గెలిచారు. తర్వాత కొరొనెల్ సువారెస్ జట్టు హారియట్, ఎగీ కుటుంబాల బలంతో ఓపెన్‌ను 25 సార్లు గెలిచింది.

ఆ గుర్రాన్ని దగ్గరగా గమనించండి. జూలు పూర్తిగా కత్తిరించి ఉంటుంది, తోకను అల్లి పట్టీతో బిగిస్తారు. ఆటగాడు ఎడమ చేత్తో పగ్గాలు, కుడి చేత్తో కర్ర పట్టుకుంటాడు. వెంట్రుకలు వదిలేస్తే కర్ర చిక్కుకుని ప్రమాదం. నాలుగు కాళ్ళకూ పట్టీలు కడతారు, బంతి, కర్ర దెబ్బల నుంచి కాపాడటానికి. చుక్కెర్ అంటే సుమారు 7 నిమిషాలు. గంట మోగాక కూడా బంతి బయటికి పోయేదాకా లేదా 30 సెకన్ల దాకా ఆట సాగుతుంది, కాబట్టి గంట వినగానే లేచిపోకండి. ఓపెన్‌లో సాధారణంగా 8 చుక్కెర్లు. చుక్కెర్ మధ్యలోనూ గుర్రాన్ని మార్చుకోవచ్చు. ఇప్పటి మేటి ఆటగాళ్ళు తరచుగా అదే చేస్తారు.

అలసిన గుర్రాన్ని ఎలా పోల్చుకోవాలి? ఆపినప్పుడు తల పైకెత్తి నోరు తెరుస్తుంది. మలుపులో వెనక కాళ్ళ మీద బరువు వేయలేక వెడల్పుగా తిరుగుతుంది. ఫలితంగా ఆటగాడు బంతి దగ్గరికి సగం గుర్రం పొడవు ఆలస్యంగా చేరతాడు, కొట్టాల్సిన దెబ్బ తప్పుతుంది. చేతిది తప్పనుకుంటాం, నిజానికి కాళ్ళది. కొంతసేపు విశ్రాంతి తర్వాత అదే గుర్రం మళ్ళీ రావచ్చు. అందుకే పక్కన సాయిసులు సిద్ధం చేసిన గుర్రాల వరుసను కూడా చూస్తూ ఉండాలి.

ఆట పెంపకాన్ని ఎంత దూరం నడిపించిందో ఈ వరుసే చెబుతుంది. మంచి ఆడ గుర్రం మైదానంలో ఆడుతుండగానే దాని పిండాన్ని వేరే గుర్రం మోస్తుంది. 2006లో అర్జెంటీనా ఆటగాడు అడోల్ఫో కాంబియాసో తన గుర్రం ఐకెన్ కురా గాయపడినప్పుడు దాని కణాలు దాచాడు. అక్కడి నుంచి అతని క్లోనింగ్ ప్రయత్నం, అంటే కణం నుంచి అచ్చు అలాంటి గుర్రాన్నే పుట్టించడం, మొదలైంది. 2010 వేలంలో అతని క్వార్తెతెరా అనే ఆడ గుర్రం క్లోన్ 8 లక్షల డాలర్లకు పోయింది. 2016లో ఓపెన్ ఫైనల్‌ను దాని 6 క్లోన్ల మీద ఆడి గెలిచాడు. ఒకే రంగు గుర్రాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే తికమక పడకండి.

స్కోర్ సమానమైతే అదనపు చుక్కెర్ ఉంటుంది, ముందు గోల్ కొట్టినవాళ్ళదే మ్యాచ్. అందుకే చివరి చుక్కెర్లలో ఆధిక్యం తక్కువగా ఉంటే వరుసలో ఏ గుర్రం ఇంకా జీనుతో ఎదురుచూస్తోందో చూడండి. అన్నిటికన్నా నమ్మకమైన దాన్ని ఆటగాడు ఆ క్షణానికి దాచుకుంటాడు.