నీడబొమ్మ తల మసకబారితే దీపాన్ని కదపకండి

బాలల దినోత్సవానికి వేసే నీడబొమ్మలాటలో నీడలన్నీ వెలిసిపోయినట్టు పలచగా పడుతున్నాయంటే, మరే మరమ్మతుకూ పూనుకోకముందే ప్రేక్షకుల వైపున్న ట్యూబ్‌లైట్లు ఆర్పి, కిటికీలు మూసి చూడాలి. తెర ముందు వెలుగు ఉన్నంతసేపు తెర వెనుక ఎంత పెద్ద దీపం పెట్టినా నీడకు నలుపు రాదు. అర నిమిషంలో తేలిపోయే ఈ పరీక్ష చేయకుండా తెరగా కట్టిన పంచెలు మార్చేవారినీ, కొత్త బల్బులు కొనేవారినీ చూస్తూనే ఉన్నాను. దయచేసి ముందు స్విచ్చులు చూడండి.

ఒక్కో బొమ్మకు రెండు మూడు నీడలు పడుతుంటే వెనుక ఒకటికి మించి దీపాలున్నట్టే. ఎల్‌ఈడీ పట్టీలో వరుసగా ఉన్న చుక్కలు కూడా విడివిడి దీపాల కిందే లెక్క. ఒకే బల్బు ఉంచండి. ఆడించేవారి చేతులు తెర మీద కనిపిస్తుంటే ఆ బల్బును వారి తల కంటే ఎత్తున కట్టండి, చేతుల నీడ తెర దిగువకు జారిపోతుంది.

అసలు చిక్కు వేరు. గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ బొమ్మనే తీసుకోండి: పాదాలు, కత్తి మొన స్పష్టంగా ఉంటాయి, తల మాత్రం మసకగా ఉంటుంది. అతడు చంపే రాక్షసి, తనను నేరుగా చూసినవారిని రాయిగా మార్చే మెడూసా జుట్టులోని పాములన్నీ కలిసిపోయి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ముందురోజు సాధనలో అంతా బాగానే ఉంది కనుక అందరూ దీపాన్ని అనుమానించి ముందుకూ వెనక్కూ జరుపుతారు. అలా జరిపితే నీడల పరిమాణం మారి, మసక కాస్త హెచ్చుతగ్గులవుతుందే తప్ప జబ్బు కుదరదు. ఒకే దీపం కింద పాదాలు స్పష్టంగా ఉండి తల మసకబారిందంటే తప్పు దీపానిది కాదు, బొమ్మది. బొమ్మను పక్క నుంచి చూడండి, తల భాగం తెరను వదిలి దీపం వైపు వంగి ఉంటుంది.

నీడ అంచున ఏర్పడే మసక మూడింటిని బట్టి ఉంటుంది: దీపం వెడల్పు, దీపానికీ బొమ్మకూ మధ్య దూరం, బొమ్మకూ తెరకూ మధ్య ఎడం. 6 సెం.మీ. వెడల్పున్న బల్బు బొమ్మకు ఒక మీటరు దూరంలో ఉండగా బొమ్మ తల తెరకు 5 సెం.మీ. ఎడమైతే అంచు సుమారు 3 మి.మీ. మసకబారుతుంది. పాముల మధ్య 3, 4 మి.మీ. సందే కత్తిరించి ఉంటే ఆ సందులు పూడుకుపోవడానికి అంత చాలు. అదే చోట 120 సెం.మీ. ట్యూబ్‌లైటు పెడితే దాని పొడవు దిశలో మసక 6 సెం.మీ. అవుతుంది కనుక ట్యూబ్‌లైటు ఈ పనికి తగదు.

డ్రాయింగ్ షీటుకు ఒకవైపే పోస్టర్ రంగు పూస్తే, రంగు ఆరుతూ బిగుసుకుని కాగితాన్ని తన వైపు లాగుతుంది. దానికి తోడు మన కావలి, కొత్తపట్నం తీరాల్లో బాలల దినోత్సవం నాటికి ఈశాన్య రుతుపవనాల చెమ్మ గాలి నిండా ఉంటుంది. రంగులేని వైపు ఆ చెమ్మను పీల్చుకుని ఉబ్బి వంపును ఇంకా పెంచుతుంది. హాలోజెన్ దీపం పెట్టినవారికి మరో ఇబ్బంది: దీపం వైపు కాగితం వేడికి ఆరి కుంచించుకుపోవడంతో, ఆట మొదలైన కాసేపటికే బొమ్మ దీపం వైపు తిరగడం మొదలుపెడుతుంది. సాధనలో కనిపించని లోపం ప్రదర్శనలో బయటపడేది ఇందుకే.

కాబట్టి రంగు పూసిన వైపు ఎప్పుడూ తెరకే ఆనాలి. అప్పుడు వంపు వచ్చినా అంచులు తెరను తాకుతూనే ఉంటాయి, నడుమ కర్రతో అదిమితే సరిపోతుంది. అయితే బొమ్మను తిప్పితే ముఖం కూడా అటు తిరుగుతుంది, మెడూసా మీదికి వెళ్లవలసిన పెర్సియస్ ఎదురు దిక్కుకు నడుస్తాడు. ఎవరు ఎటు చూడాలో గీయకముందే తేల్చుకోవాలి. వీలైతే రెండువైపులా రంగు పూయడం ఇంకా మేలు.

కత్తిరించే ముందు షీటును నిలువుగానూ అడ్డంగానూ మెల్లగా వంచి చూడండి. ఏ వైపు తేలికగా వంగుతుందో ఆ మడత గీత వెంబడే కాగితపు నార ఉంటుంది. బొమ్మ ఎత్తు ఆ గీత వెంబడి వచ్చేలా గీస్తే వంపు వెడల్పులోనే వస్తుంది, వెడల్పు తక్కువ కనుక అంచులు అంతగా లేవవు. తల నుంచి పాదం దాకా వెదురు బద్ద కట్టి, మెడూసా తలకు అడ్డంగా రెండు కొబ్బరి ఈనెలు అంటించండి. తెర చట్రం పైభాగాన్ని ప్రేక్షకుల వైపు కాస్త వాల్చితే బొమ్మ తన బరువుతోనే తెర మీద వాలుతుంది. ఆట అయ్యాక బొమ్మలను గోడకు వేలాడదీయకుండా, రెండు అట్టల మధ్య పరిచి పైన పుస్తకాల బరువు పెట్టాలి.

పెర్సియస్ ఎవరో, ఎద్దు తల రాక్షసుడు మినోటార్‌ను చంపిన మరో గ్రీకు వీరుడు థీసియస్ ఎవరో ప్రేక్షకులకు తెలియడం లేదంటే అది వెలుగు సమస్య కాదు, ఆకారం సమస్య. పెర్సియస్‌కు రెక్కల చెప్పులు, గుండ్రని డాలు ఇవ్వండి. డాలులో కిటికీ కోసి అందులో మెడూసా ముఖరేఖ నిలిపితే, అతడు ప్రతిబింబాన్ని చూసే ఆమె తల నరికాడన్న సంగతి మాట లేకుండానే తెలుస్తుంది. పాత్రలను పరిచయం చేసే పని జుట్టుపోలిగాడికీ బంగారక్కకూ అప్పగించండి, మన తోలుబొమ్మలాటలో ప్రేక్షకులతో మాట కలిపేది వాళ్లే.

పంచె నేత, తెర రంగు, బల్బు పసుపా తెలుపా అన్నవాటి వల్ల ఆట చెడటం అరుదు. తెర ముడతలు పడి ఉంటే తడిపి, బిగించి కట్టండి.