పర్మిషన్ మనిషికి కాదు, గ్రూప్‌కి ఇవ్వండి

విజయనగరంలో మాది చిన్న ఫోటో స్టూడియో. సిరిమానోత్సవం ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు అన్నీ రిసోర్స్‌స్పేస్ అనే, ఫోటోలు దాచి పంచుకునే సాఫ్ట్‌వేర్‌లోనే దాచుకుంటాం. మొదట్లో ఎవరు అడిగితే వాళ్ల పేరు మీద పర్మిషన్ ఇచ్చేసేవాణ్ణి. పని మానేసిన కుర్రాడికి ఒక పెళ్లివారి ఫోటోలు ఇంకా తెరుచుకుంటున్నాయని ఆరు నెలలకి తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నమ్మి ఇచ్చిన ఫోటోలు కదా అవి.

ఇప్పుడు ఎడిటర్లు, ఆల్బమ్ డిజైనర్లు, కస్టమర్లు అని మూడు గ్రూపులు పెట్టాను. మనిషి వస్తే గ్రూప్‌లో వేస్తాను, వెళ్లిపోతే అదే రోజు అకౌంట్ ఆపేస్తాను.

ఇక ఫైల్ సంగతి. ఒక్కో ఫోటోకి ఓపెన్, రెస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్ అని యాక్సెస్ పెట్టొచ్చు. రెస్ట్రిక్టెడ్ అయితే ప్రివ్యూ కనిపిస్తుంది, ఒరిజినల్ కావాలంటే రిక్వెస్ట్ పెట్టాలి. కాన్ఫిడెన్షియల్ అయితే అనుమతి లేనివాళ్లకి వెతికినా దొరకదు. ఒక గ్రూప్‌కి మాత్రమే చూపించాలంటే కస్టమ్ ఎంచుకుని, గ్రూపుల వారీగా పెట్టుకోవాలి. ఉత్సవం ఫోటోలు ఓపెన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు గానీ, పెళ్లి ఫోటోలు అప్‌లోడ్ చేసేటప్పుడే కాన్ఫిడెన్షియల్ చేసేయండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం: ప్రతి గ్రూప్‌లో ఒక ఉత్తుత్తి అకౌంట్ పెట్టుకోండి. సెట్టింగ్ మార్చగానే ఇన్‌కాగ్నిటో విండోలో దాంతో లాగిన్ అయి, ఆ పెళ్లి పేరు కొట్టి వెతకండి. అడ్మిన్ అకౌంట్‌లో చూస్తే అన్నీ కనిపిస్తాయి, తప్పు ఎక్కడుందో తెలీదు.